అమలకు పోసిన ఆటలమ్మ

బెల్లు మోగితే వెళ్ళి తలుపు తీసిన రామమోహనరావుకు గుమ్మంలో ఎలీశమ్మ కనిపించింది. అక్కడే ఆగాం కిందటి వారం. ఆమె వెనక, మెట్ల గోడకు ఆనుకుని, కూతురు సాధన. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచీ ఎవరు ఎదురుపడతారోనని ఆయన భయపడుతున్నాడో వాళ్ళే వచ్చి నిలబడ్డారు.

ఆ భయం ఎందుకో తెలియాలంటే జనవరి దాకా వెనక్కి వెళ్ళాలి. రామమోహనరావు తణుకు వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో పేరున్న ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. సంక్రాంతి సెలవులయ్యాక తల్లిదండ్రుల మీటింగు పెట్టి మేనేజ్‌మెంటు ఆయన చేతికే మైకు ఇచ్చింది. "ఇంటర్ మార్కుల గురించి ఎవరూ కంగారు పడకండి. పాసైతే చాలు. మీ పిల్లల జీవితాన్ని తేల్చేది జేఈఈ ర్యాంకు ఒక్కటే. ఫిబ్రవరి అంతా జేఈఈ గ్రాండ్ టెస్టులు రాయించండి" అని ఆయన చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట అక్షరాలా నమ్మిన వాళ్ళలో ఎలీశమ్మ ఒకతె. సెక్షన్ మొత్తం మీద మంచి ర్యాంకు ఆమె కూతురిదే. వరంగల్ ఎన్ఐటీలో సీటు ఖాయమని అందరూ అనుకున్న ర్యాంకు. కానీ ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో డెబ్బై ఐదు శాతం మార్కులు కూడా ఉండాలి. సాధనకు ఆ డెబ్బై ఐదు రాలేదు. కొద్దిలో పోయింది. అదే సెక్షన్‌లో చదివిన రామమోహనరావు కూతురు అమలకు మాత్రం బాగా వచ్చాయి.

"రండి... రండమ్మా, లోపలికి రండి" అన్నాడు రామమోహనరావు.

ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. ఎలీశమ్మ తెల్లచీర కట్టుకుంది. ఒక చేతిలో జిప్పు కవరులో బైబిలు, ఇంకో చేతిలో బరువుగా వేలాడుతున్న సంచి.

"కొత్తపేటల బండి మీద తీసుకున్నం సార్. బంగినపల్లి. జర పచ్చిగున్నయి, బియ్యంల పెట్టుకోండ్రి" అంటూ సంచి ముందుకు చాపింది.

ఆమె పోట్లాటకు వస్తుందని ఆయన వారమంతా అనుకున్నాడు. అరిస్తే ఏం చెప్పాలి, కాలేజీ మీద కేసు పెడతానంటే ఏం చెప్పాలి, ఏడిస్తే ఏం చెప్పాలి, అన్నీ లోలోపల సిద్ధం చేసుకున్నాడు. మామిడిపళ్ళు తెస్తే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించలేదు. చెయ్యి చాచలేక అలాగే నిలబడ్డాడు. వంటింట్లోంచి వచ్చిన భార్య సూర్యప్రభ ఆ సంచి అందుకుంది.

"ఎందుకండీ ఇవన్నీ" అంది సూర్యప్రభ, ఎవరి వైపూ చూడకుండా. "కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

ఎలీశమ్మ సోఫా అంచున కూర్చుంది. ఎల్బీనగర్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమె పని. భర్త ఆనంద్ కుమార్ బస్సు డ్రైవరు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. సాధన తల్లి పక్కన ఒదిగి కూర్చుని నేలను చూస్తోంది. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుని, బోర్డు మీద లెక్క పూర్తి కాకముందే జవాబు చెప్పే పిల్ల. ఫలితాల తరవాత ఆయన ఆమెను చూడటం ఇదే. మొహం పీక్కుపోయింది.

"మిమ్మల్ని పరేషాన్ చెయ్యనీకి రాలె సార్" అంది ఎలీశమ్మ. "ఏం చెయ్యాల్నో మాకు తోస్తలేదు. మీరైతే దారి చెప్తరని ఒచ్చినం. కాలేజీ ఆఫీసుల అడిగితే, ఎన్ఐటీ రాకుంటే ఏమైతది, మన ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది గదా, గాడ చేర్పియ్యి అంటున్నరు. గాడ ఫీజులు కట్టుడు మాతోని అయితదా సార్? ఎన్ఐటీల సీటొస్తే సికింద్రాబాద్ ట్రస్టోళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తమన్నరు. హాస్టలు, మెస్సు, బుక్కులు, అన్నీ వాళ్ళే చూసుకుంటమన్నరు. మొన్న పోయి మార్కులు చూపెట్టినం. మార్కులు లేకుంటే సీటు లేదు, సీటు లేకుంటే స్కాలర్‌షిప్ లేదమ్మా అని పంపిచ్చిన్రు."

రామమోహనరావు తల ఊపాడు.

"మీరు చెప్పినట్టే చేసినం సార్. ఇంగ్లిషు, సంస్కృతం పుస్తకాలు కట్టగట్టి సజ్జ మీద పెట్టేసినం. ఫిబ్రవరంత టెస్టులే రాసింది. వాళ్ళ నాయన ఒక్కపాలి అన్నడు, ఇంటర్ పుస్తకాలు గూడ జర సూడొద్దా బిడ్డా అని. నేనే కొట్లాడిన ఆయనతోని. అంత పెద్ద సార్ మైకుల చెప్పినంక నీకేం తెల్సని మాట్లాడ్తున్నవ్ అన్న." ఎలీశమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆయన ఇప్పుడు గూడ నన్ను ఒక్క మాట అంటలేడు సార్. అంటే జర నయముంటుండె."

ఆమె భర్త ముందు తలదించుకోవలసి వచ్చింది మైకులో తాను చెప్పిన మాట వల్లే. రామమోహనరావుకు ఆ సంగతి అర్థమైంది. అర్థమైనా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"అదేనమ్మా... ఈ రూలు కూడా ఒకలా ఉండదు. కరోనా అప్పుడు తీసేశారు. మళ్ళీ పెట్టారు. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు తీసేస్తారో... మాక్కూడా సరిగ్గా తెలియలేదు."

ట్రేలో గ్లాసులు పట్టుకుని వస్తున్న సూర్యప్రభ గుమ్మంలో ఆగిపోయింది. ఒక్క క్షణమే. తరవాత వచ్చి నీళ్ళు ఇచ్చింది. భార్య వైపు చూడటానికి రామమోహనరావుకు ధైర్యం చాలలేదు.

"మీకే తెల్వకపోతే మాకేం తెలుస్తది సార్" అంది ఎలీశమ్మ జాలిగా. ఆయన మీదే జాలి పడుతోంది ఆమె. ఆ తరవాత లోపలి గది వైపు చూసి, "అమల లేదా అక్కా? సాధన ఫోన్ చేస్తే ఎత్తుతలేదంట" అని అడిగింది సూర్యప్రభను.

"పడుకుంది. తలనొప్పిగా ఉందని..." అంటుండగానే లోపలి గది తలుపు తెరుచుకుంది.

అమల వచ్చి నిలబడింది. అది పడుకుని లేచిన మొహం కాదు. ఇంతసేపూ తలుపు వెనకే నిలబడి అంతా విన్న మొహం. సాధన తలెత్తి చూసి, చిన్నగా నవ్వింది. అమల నవ్వలేదు.

"దా బిడ్డా, ఇటు రా" అని ఎలీశమ్మ చెయ్యి చాచి అమలను దగ్గరికి తీసుకుంది. "నీకు మంచిగ మార్కులొచ్చినయంట. మస్తు సంబురమైంది. ఫిబ్రవరిల ఆటలమ్మ పోసి అన్ని దినాలు మంచంల పడి గూడ అన్ని మార్కులు తెచ్చుకున్నవ్ సూడు." గడ్డం పట్టుకుని ఆ పిల్ల మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. ఒక చెంప చూసింది. ఇంకో చెంప చూసింది. నుదుటి మీద జుట్టు పైకి తోసి చూసింది. "ఒక్క మచ్చ గూడ లేదు! సాధనా, సూడే, ఒక్కటి గూడ లేదు. దేవునికి స్తోత్రం."

తరవాత సూర్యప్రభ వైపు తిరిగి చెప్పింది. "మా సంఘంల ప్రార్థన పెట్టిచ్చినం అక్కా. పరీక్షల ముందట పిల్లకు గిట్లయింది ఏందని సాధన ఒక్కటే ఏడ్సుడు. తెల్లారి టెస్టు పెట్టుకొని గూడ, అమల మొహం మీద మచ్చలు పడొద్దని ఆదివారమంత ఉపవాసమున్నది."

అమల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆంటీ..."

"ఏంది బిడ్డా?"

"నాకు ఆటలమ్మ రాలేదు ఆంటీ."

"అమలా, నువ్వు లోపలికి వెళ్ళు" అంది సూర్యప్రభ గట్టిగా.

"రాలేదు. కాలేజీలో నాన్న అలా చెప్పారు. నేను ఇంట్లో కూర్చుని ఇంటర్ చదువుకున్నాను. ఇంగ్లిషు, సంస్కృతం, కెమిస్ట్రీ, అన్నీ అమ్మ దగ్గరుండి అప్పజెప్పించుకుంది." ఏడుపు అడ్డం పడుతున్నా ఆగకుండా చెప్పేసింది. "డెబ్బై ఐదు శాతం రాకపోతే ఎంత ర్యాంకు వచ్చినా దండగేనని నాన్న నాకు ముందే చెప్పారు."

ఎలీశమ్మ చెయ్యి ఇంకా అమల గడ్డం మీదే ఉంది. దాన్ని తియ్యాలో ఉంచాలో ఆమెకు తెలియలేదు. కాసేపటికి మెల్లగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

వచ్చినప్పటి నుంచీ మాట్లాడని సాధన అప్పుడు మాట్లాడింది.

"మీకు ముందుగాలనే తెల్సా సార్?"

కాదనడానికి దారి లేదు. "తెలుసు" అన్నాడు రామమోహనరావు.

"మీటింగ్ నాడు గూడ తెల్సా?"

"తెలుసమ్మా."

ఆయనకు అంతటితో ఊరుకోవడం చేతకాలేదు. "నన్ను అలా చెప్పమన్నారమ్మా. ఫిబ్రవరిలో పిల్లలు ఇంటర్ పుస్తకాలు పట్టుకుంటే జేఈఈ ర్యాంకులు పడిపోతాయని డీన్ బాపిరాజు గారి పట్టుదల. ర్యాంకులు వస్తేనే ఫ్లెక్సీలు, ఫ్లెక్సీలు చూస్తేనే కొత్త అడ్మిషన్లు. నేను కాదంటే నా సెక్షన్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మైకు ఇంకొకరు పట్టుకునేవారు, అదే మాట చెప్పేవారు..." చెబుతూ చెబుతూ ఆయనకు తన గొంతు తనకే వినిపించింది. హోంవర్కు చెయ్యకుండా వచ్చిన పిల్లలు బెంచీ మీద నిలబడి చెప్పే సాకుల్లా ఉన్నాయి ఆ మాటలు. మధ్యలోనే ఆపేశాడు.

ఫిబ్రవరిలో సాధన రోజూ క్లాసు అయ్యాక ఆయన దగ్గరికి వచ్చేది. "అమలకు ఎట్లుంది సార్?" అని అడిగేది. "దురదలు తగ్గినయా?" అనేది. ఆ రోజు క్లాసులో చెప్పింది అమల కోసం విడిగా, శుభ్రంగా రాసి తెచ్చి ఇచ్చేది. ఆయన "థాంక్స్ అమ్మా" అని తీసుకుని బ్యాగులో పెట్టుకునేవాడు. ఆ పిల్లకు తన పుస్తకం తెరవడానికి తీరిక లేని రోజులవి. ఒక్క రోజైనా స్టాఫ్ రూము పక్కకు పిలిచి, సాధనా, నువ్వు కూడా ఇంటర్ చదువుకోమ్మా అని చెవిలో చెబితే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కూడా కాదు.

"సార్" అంది ఎలీశమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ఇంత చిన్న సంగతి ఎలా తప్పిపోయిందా అని ఆశ్చర్యపడుతున్నట్టుంది. "మాకు గూడ చెప్తే అయిపోతుండె గదా సార్. మా పిల్లకు గూడ ఆటలమ్మ పోసిందని చెప్పుమంటే చెప్తుంటిమి."

ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది రామమోహనరావుకు. తిడితే తల వంచుకుని పడేవాడు, పడ్డాక కాస్త తేలికయ్యేది. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న ముగ్గురు ఆడవాళ్ళకూ, పక్కన ఏడుస్తున్న కూతురికీ కనిపించకుండా దాక్కోవడానికి ఆ ఇంట్లో చోటు లేదు.

కుర్చీ లాక్కుని ఎలీశమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. "ఇంకా దారి ఉందమ్మా. మే నెలలో సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. మార్కులు పెంచుకోవడానికి తక్కువొచ్చిన పేపర్లు మళ్ళీ రాయొచ్చు. సీట్ల కౌన్సెలింగ్ అయ్యేలోపే ఫలితాలు వస్తాయి. ఫీజు మాత్రం కాలేజీ ద్వారానే కట్టాలి. రేపే ఆఖరు."

"ఆఫీసుల అడిగినం సార్. అది ఫెయిలైనోళ్ళకే అన్నరు."

"అబద్ధం" అన్నాడాయన. ఆ మాట తన నోట్లోంచి రావడం ఆయనకే సిగ్గనిపించింది.

సాధన లేచి నిలబడింది. "అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యండి సార్. మా ముందటనే. స్పీకర్ పెట్టి చెయ్యండి."

ఏ విద్యార్థీ ఆయనతో ఆ గొంతుతో మాట్లాడలేదు. ఆయన ఫోను తీసి బాపిరాజు నెంబరు నొక్కాడు. స్పీకరు పెట్టి టీపాయ్ మీద ఉంచాడు.

"ఏంటండీ రామ్మోహన్ గారూ, ఆదివారం కూడా వదలరా!" అవతల బాపిరాజు హుషారుగా ఉన్నాడు.

"సాధన ఇంప్రూవ్‌మెంట్ రాస్తుందండి. రేపు ఫీజు కట్టించుకోవాలి."

"అబ్బే, అదెక్కడ కుదురుద్ది? ఆ పిల్ల ఒక్కత్తీ రాస్తే మిగతా వాళ్ళు ఊరుకుంటారా? ఎంతమందికి మార్కులు తగ్గాయో మీకు తెలీదా? ఎందుకు తగ్గాయని అడుగుతారు. మైకు పట్టుకుని చెప్పింది ఎవరండీ, నేనా?" నవ్వాడు. "ఆ అమ్మాయికి మన ఇంజినీరింగ్ కాలేజీలో సగం ఫీజు తీసేద్దాం. మెరిట్ స్కాలర్‌షిప్ అని ఫోటో పెట్టి మెట్రో స్టేషన్ దగ్గర ఫ్లెక్సీ కట్టిద్దాం. వాళ్ళమ్మ సంతోషపడుద్ది."

ఎలీశమ్మ ఆ ఫోను వంక చూస్తూ కూర్చుంది.

"అది న్యాయం కాదండీ" అన్నాడు రామమోహనరావు.

"న్యాయమా?" బాపిరాజు గొంతులో నవ్వు పోయింది. "మీ అమ్మాయి ఫిబ్రవరిలో కాలేజీ మొహం చూసిందా? రోజూ వచ్చినట్టు హాజరు ఎవరు వేయించారండీ? హాజరు చాలకపోతే హాల్ టికెట్టు వచ్చేదా? నేను ఒక్క మాట బోర్డుకు చెప్పానంటే ఆ పిల్ల మార్కులు మిగలవు, సీటూ మిగలదు. మీరు పెద్దవాళ్ళు, నేను చెప్పక్కర్లేదు. ఆలోచించుకోండి."

రామమోహనరావు అమలను చూశాడు. ఏడుపు ఆగిపోయి, మొహం తెల్లబోయి నిలబడి ఉంది. సూర్యప్రభ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"సరేనండీ" అన్నాడు. "ఆలోచిస్తాను."

ఫోను కట్టయింది. ఆ రెండు మాటలూ గదిలో అందరూ విన్నారు. జనవరిలో ఆయన చేసింది ఎవరూ చూడలేదు. ఈసారి వాళ్ళ కళ్ళ ముందే చేశాడు.

ఎలీశమ్మ లేచి బైబిలు చేతిలోకి తీసుకుంది. "ఒద్దు సార్. మా పిల్ల కోసం మీ పిల్లను ఆగం చేసుకోకుండ్రి" అంది. నిజంగానే అంది. "పా బిడ్డా. పోదాం." అలవాటు కొద్దీ సూర్యప్రభతో "ఒస్తం అక్కా" అని కూడా చెప్పింది. ఆమె వెళ్ళిపోతోందంటే రామమోహనరావుకు గుండెల మీద బరువు ఒకింత దిగినట్టనిపించింది. ఆ ఊరటకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆగమని అనలేకపోయాడు.

తల్లీకూతుళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు. అమల ఒక్క ఉదుటున వచ్చి టీపాయ్ మీది ఫోను తీసుకుంది. అదే నెంబరు మళ్ళీ నొక్కింది. స్పీకరు పెట్టింది.

"చెప్పండి రామ్మోహన్ గారూ, అప్పుడే ఆలోచించేశారా?"

"సర్, నేను అమలని."

అవతలి మాట కోసం ఆమె ఆగలేదు.

"రేపు పొద్దున సాధనా నేనూ కాలేజీకి వస్తున్నాం సర్. నా హాజరు సంగతి మీరు బోర్డుకు చెప్పక్కర్లేదు. అవసరమైతే నేనే చెప్తాను. సాధన ఫీజు కట్టించుకోండి."

"అమలా!" అని సూర్యప్రభ ఫోను లాక్కోబోయింది. అమల వెనక్కి జరిగింది. గుమ్మంలో సాధన ఒక చెప్పు చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

బాపిరాజు కోప్పడలేదు. చిన్నపిల్లకు లెక్క విడమర్చి చెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు. "ఆవేశంలో ఉన్నావమ్మా. మంచిదే, స్నేహితురాలి కోసం కదా. నీ ఒక్కదాని సంగతే అయితే నువ్వే చెప్పుకో, నాకేం పోయింది? కానీ బోర్డు వాళ్ళు ఒకసారి ఆ నెల హాజరు తీశారంటే నీ పేరు దగ్గరే ఆగరు. శ్రీకర్ ఉన్నాడు. సింధూర ఉంది. ఇంకా ఉన్నారు. వాళ్ళందరికీ ఆ ఫిబ్రవరిలోనే ఆటలమ్మ ఎలా పోసిందో, ఎవరు ఫోన్ చేసి చెప్తే పోసిందో, ముందు మీ నాన్నని అడుగు. అడిగాక అప్పుడు కాలేజీకి రా."

ఫోను పెట్టేశాడు.

అమల తండ్రి వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. సూర్యప్రభకు కూడా తెలియదని ఆమె మొహమే చెబుతోంది. శ్రీకర్ కెమిస్ట్రీ లెక్చరర్ కొడుకు. సింధూర వాళ్ళదీ రామమోహనరావుదీ ఒకే జిల్లా, ఆమె తండ్రి వనస్థలిపురంలో అపార్టుమెంట్లు కడతాడు. మీటింగు అయిన సాయంత్రం రామమోహనరావు డాబా మీదికి వెళ్ళి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. మనవాళ్ళు కదా, తెలిసి తెలిసి నష్టపోవడం ఎందుకని చేశాడు. ఆ రోజు అది ఆయనకు మంచితనంగానే తోచింది.

"శ్రీకర్‌కు గూడ ప్రార్థన చేసినం గదనే అమ్మా" అంది సాధన మెల్లగా.

ఎలీశమ్మ ఒక కాలికి చెప్పు ఉండగానే గుమ్మం దాటి మళ్ళీ లోపలికి వచ్చింది. రామమోహనరావు కూర్చున్న కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇందాకటి జాలి ఆమె మొహంలో లేదు.

"ఎవరెవరికి చెప్పిన్రు సార్?" అని అడిగింది. "కాదు, అది ఒద్దు. ఎవరెవరికి చెప్పొద్దనుకున్నరు? ఆ పేర్లు చెప్పుండ్రి. మా పిల్ల పేరు కాడికెల్లి మొదలు పెట్టుండ్రి."